ఆపద్బాంధవులకు ఆపద వచ్చినప్పుడు

మేడ్చల్ రహదారి మీద గాని, శామీర్‌పేట మీదుగా కరీంనగర్ పోవు రాజీవ్ రహదారి మీద గాని ప్రతిదినము ప్రయాణము చేయు మన విద్యార్థులకు అంబులెన్సు కూత కొత్త కాదు. వెనుక నుండి ఆ ధ్వని వినబడగానే బస్సు డ్రైవరు పక్కకు జరుగుతాడు, ఆటోలు ఆగుతాయి. బస్సులో కూర్చున్న పెద్దవారెవరో పెదవులు కదల్చి ప్రార్థిస్తారు. పేరు తెలియని మనిషి బ్రతికి బయటపడవలెనని మనమందరము ఒక్క క్షణము కోరుకొంటాము. ఆ క్షణములో మన సమాజము మీద మనకు గౌరవము కలుగుతుంది.

కాని ఆ బండిలో ఉన్నది రోగి ఒక్కడే కాదు. అతని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని నెత్తురు కారకుండ అదిమి పట్టుకొన్న ఈ.ఎం.టీ. ఒకరున్నారు. అంత వేగములోను బండి కుదుపు తగ్గించుచు నడుపుచున్న పైలట్ ఒకరున్నారు. రోగి ఆసుపత్రి గడప దాటగానే మన ప్రార్థన ముగిసిపోతుంది. వారిద్దరు మాత్రము బండి కడిగి, మరకలు తుడిచి, మరొక పిలుపు కొరకు కూర్చుంటారు. బండి లోపలి మరకలు నీళ్ళతో పోతాయి. వారి లోపలి మరకలు పోవుటకు మనము చేసిన ఏర్పాటు ఏది? దీపము కింద చీకటి అను సామెత ఇచ్చట అక్షరాల వర్తిస్తుంది.

మేము ఈ వ్యాసములో చెప్పదలచినది ఒక్కటే. అత్యవసర సేవలలో పనిచేయువారికి కలుగు మనోగాయమును, ఆ గాయమును మరచుటకు వారిలో కొందరు పట్టుకొను మత్తును రెండు వేరువేరు విషయములుగా చూచుట తప్పు. మొదటిదానిని బలహీనతగా, రెండవదానిని దుర్గుణముగా లెక్కించి ఉద్యోగము తీసివేయుట ఇంకను పెద్ద తప్పు. అది వృత్తి వలన వచ్చిన గాయము. దానికి చికిత్స ఉన్నది. ఆ చికిత్స వారికి భయము లేకుండ అందవలెను.

ఈ మాట మన ప్రాంతము నుండి చెప్పుటకు ప్రత్యేక కారణమున్నది. 2005 ఆగస్టు 15 న హైదరాబాదులో ప్రారంభమైన 108 సేవకు కేంద్రస్థానము మనకు దూరమున లేదు. మేడ్చల్ రహదారి పక్కన దేవరయాంజాల్ గ్రామములో వెలసినది. సత్యం సంస్థ అధినేతల చేయూతతో మొదలై, 2009 లో జి.వి.కె. సంస్థ ఆధ్వర్యమునకు మారిన ఆ సేవ, ఒక్క మహానగరముతో ఆరంభమై అనేక రాష్ట్రములకు వ్యాపించినది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము 2007 లో దానితో చేయి కలిపి పారామెడిక్‌లకు శిక్షణక్రమము రూపొందించుటలో తోడ్పడినది. దేశములో ఎక్కడో ఒక పల్లెలో ప్రసవవేదన పడుచున్న స్త్రీ వద్దకు బండి చేరినదన్న, ఆ పద్ధతికి మొదటి పాఠము మన పొరుగు ఊరిలో నేర్పబడినదని మనము గర్వపడవచ్చును. ఆ గర్వములో కొంత బాధ్యత కూడ ఉన్నదని మా మనవి.

ఈ వృత్తిలో సంతోషము లేదని మేము అనము. 108 కు వచ్చు పిలుపులలో గర్భిణీ స్త్రీల పిలుపులు చాల ఎక్కువ. దారిలోనే బండి ఆపి కాన్పు చేసి, శిశువు మొదటి ఏడుపు విని కండ్ల నీరు పెట్టుకొన్న ఈ.ఎం.టీ.లు ఎందరో ఉన్నారు. వారిలో స్త్రీలు కూడ ఉన్నారు. అయితే అదే చేతులు మరునాడు ఏమి మోయవలసి వచ్చునో చెప్పలేము.

2014 జూలై 24 ఉదయమును మన ప్రాంతము వారు మరువలేరు. మాసాయిపేట వద్ద కాపలా లేని రైల్వే గేటు దాటుచున్న బడి బస్సును నాందేడ్ నుండి సికింద్రాబాద్ వచ్చు ప్యాసింజరు రైలు ఢీకొన్నది. పదిమందికి పైగా పసిపిల్లలు ప్రాణములు కోల్పోయినారు. గాయపడిన పిల్లలను ఎక్కించుకొన్న వాహనములు తూప్రాన్, మేడ్చల్ మీదుగా సికింద్రాబాద్ ఆసుపత్రులకు పరుగెత్తినవి. ఆనాడు పత్రికలు తల్లిదండ్రుల శోకమును వ్రాసినవి, రైల్వే శాఖ లోపమును వ్రాసినవి. అవి వ్రాయవలసినవే. కాని ఆ పట్టాల మధ్య నుండి పిల్లలను ఎత్తిన చేతుల గురించి వ్రాసినవారు తక్కువ. ఆ రాత్రి వారు తమ ఇండ్లకు పోయి తమ పిల్లలను ఎట్లు చూచినారో అడిగినవారు ఇంకను తక్కువ.

ఇటువంటి దినములు అరుదుగా వచ్చునవి కావు. 2025 మే 18 న చార్మినార్ సమీపమున గుల్జార్ హౌజ్ వద్ద ఒక ఇంటిలో మంటలు చెలరేగి 17 మంది మరణించినారు. వారిలో 8 మంది పిల్లలు. అదే సంవత్సరము జూన్ 30 న పాశమైలారం పారిశ్రామికవాడలోని ఔషధ కర్మాగారములో ప్రేలుడు జరిగి పదుల కొలది కార్మికులు మరణించినారు. అగ్నిమాపక సిబ్బంది, అంబులెన్సు సిబ్బంది, పోలీసు కానిస్టేబుళ్ళు దినముల తరబడి శిథిలములలో మానవ శరీరముల కొరకు వెదకినారు. ఇవి పత్రికలకు ఎక్కిన సంఘటనలు. బాహ్యవలయ రహదారి మీద, కండ్లకోయ కూడలి వద్ద, శామీర్‌పేట చెరువు మలుపులో రాత్రివేళ జరుగు ప్రమాదములు పత్రికలో రెండు పంక్తులకు మించవు. ఆ రెండు పంక్తుల వెనుక ఎవరో ఒకరు మోకాళ్ళ మీద కూర్చునే ఉంటారు.

ఇక మాకు తెలిసిన ఒక యువకుని విషయము చెప్పెదము. మా వద్ద ఇంటరు చదివినాడు. చదువులో మధ్యముడు, సేవలో ప్రథముడు. క్రీడోత్సవములలో ఎవరి కాలు బెణికినను ముందుగా పరుగెత్తువాడు అతడే. తరువాత శిక్షణ పొంది అంబులెన్సు మీద చేరినాడు. ఏ సంస్థలో, ఏ ఊరిలో అన్నది ఇచ్చట అప్రస్తుతము. కొన్ని సంవత్సరముల తరువాత ఒక సాయంకాలము కళాశాలకు వచ్చి వరండాలో చాలసేపు ఊరక కూర్చున్నాడు. మనిషి సగమైనాడు. మేము పలుకరించగా ఇట్లు చెప్పినాడు:

"సార్, ఒక ప్రమాదములో పిల్లలను పంపించిన తరువాత రోడ్డు మీద పడియున్న బడి సంచులు మేమే ఏరినాము. అప్పటి నుండి ఇంట్లో మా పాప సంచి కొక్కెమునకు తగిలించి ఉంటే దానివంక చూడలేను. లోపల గదిలో పెట్టమని అరుస్తాను. పాపకు నేనెందుకు అరుస్తానో తెలియదు. మా ఇంటామెకు కూడ తెలియదు. నేను చెప్పలేదు సార్."

నిద్ర పట్టక ఒక తెల్లవారుజామున డ్యూటీ దిగి ఒక క్వార్టరు త్రాగినాడట. ఆ పగలు నిద్రపోయినాడు. ఎన్నో దినముల తరువాత వచ్చిన నిద్ర అది. దానిని మందు అనుకొన్నాడు. కొన్ని నెలలలో క్వార్టరు చాలకపోయినది. మరికొన్ని నెలలలో డ్యూటీ ఎక్కుటకు ముందే చేతులు వణకి, ఆ వణకు ఆగుటకు త్రాగవలసి వచ్చినది. ఒకనాడు పైవారు వాసన పసిగట్టినారు. మరునాటి నుండి రావద్దన్నారు. కాంట్రాక్టు ఉద్యోగము కనుక కాగితము కూడ అవసరము లేకపోయినది. ఎందుకు త్రాగినావని అడిగినవారు ఒక్కరు లేరు. "అడిగి ఉంటే చెప్పేవాడివా?" అని మేము ప్రశ్నించితిమి. కొంత ఆలోచించి, "తెలియదు సార్, కాని అడగలేదు" అన్నాడు.

ఈ ఒక్క మాట మమ్ములను నేటికిని వెంటాడుచున్నది.

వైద్యశాస్త్రము ఈ స్థితిని ఎట్లు అర్థము చేసుకొన్నదో విద్యార్థులు తెలిసికొనుట మంచిది. యుద్ధము నుండి తిరిగివచ్చిన సైనికులలో ఉలికిపాటు, పీడకలలు, జరిగినది మరల మరల కండ్ల ముందు జరిగినట్లు కనబడుట, ఆత్మీయుల నుండి కూడ దూరముగా ముడుచుకొనిపోవుట మొదలైన లక్షణములు చిరకాలము నుండి గమనింపబడుచున్నవి. 1980 లో అమెరికా మానసిక వైద్యుల సంఘము తన వ్యాధుల పట్టికలో దీనికి ప్రత్యేక స్థానమిచ్చినది. అదియే నేడు పీ.టీ.ఎస్.డీ. అని పిలువబడుచున్నది. 2013 లో ఆ పట్టికను సవరించినప్పుడు ఒక ముఖ్యమైన మాట చేర్చినారు. ప్రమాదము తనకు జరుగనక్కరలేదు. వృత్తిరీత్యా ఇతరుల ఘోరమును మరల మరల దగ్గరగా చూడవలసి వచ్చిన వారికి కూడ ఈ వ్యాధి రావచ్చును. అందుకు ఉదాహరణగా మానవ అవశేషములను సేకరించు తొలి సహాయకులనే పేర్కొన్నారు. అనగా మా విద్యార్థి ఏరిన సంచుల బరువును శాస్త్రము గుర్తించినది. గుర్తించవలసినది మన కార్యాలయములు.

మరి మత్తు ఎందుకు? ఉలికిపడుచున్న శరీరమునకు మద్యము తొలుత శాంతినిచ్చినట్లే ఉంటుంది. నిద్ర త్వరగా వస్తుంది, కాని ఆ నిద్ర తెగిపోవు నిద్ర. అర్ధరాత్రి దాటగానే మెలకువ, మెలకువతో పాటు మరింత గుండెదడ. రానురాను శరీరము ఆ మత్తునే అలవాటుగా చేసుకొని, అది లేనిచో తిరుగబడుతుంది. ఇది సంకల్పబలమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదని మన తెలంగాణకు 2015 సెప్టెంబరు మాసము చూపినది. కల్తీ కల్లు సరఫరాకు అడ్డుకట్ట పడగానే, అందులో కలిపిన నిద్రమందులకు అలవాటుపడినవారు నిజామాబాదు, మహబూబ్‌నగర్ మొదలైన జిల్లాలలో వింత ప్రవర్తనతో, వణకుతో, మూర్ఛలతో ఆసుపత్రుల పాలైనారు. వారందరు హఠాత్తుగా దుర్మార్గులైనారా? కాదు. శరీరము తనకు అలవాటైనది అందక అల్లాడినది.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయుట మా ధర్మము. ఎక్కువగా త్రాగుటకు అలవాటుపడిన మనిషిని గదిలో పెట్టి తాళము వేసి "ఇక మానుకో" అనుట ప్రమాదము. రెండు మూడు దినములలో భ్రాంతి, మూర్ఛ వచ్చి ప్రాణము కూడ పోవచ్చును. మానిపించుట వైద్యుని పర్యవేక్షణలోనే జరుగవలెను. తల్లులు, భార్యలు, అన్నదమ్ములు ఈ ఒక్క విషయము తెలిసికొన్నను కొన్ని ఇండ్లు నిలుస్తాయి.

మద్యము పట్ల మన సమాజమునకు గల కోపము అకారణమైనది కాదు. 1992 లో నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామములో చదువు నేర్చుకొనుచున్న స్త్రీలు సారా దుకాణముపై తిరుగబడినప్పుడు, ఆ నిప్పు రాష్ట్రమంతట వ్యాపించినది. 1993 లో సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినవి. 1997 లో ఆ నిషేధము సడలిపోయినను, ఆ తల్లుల ఉద్యమము మన చరిత్రలో గౌరవనీయమైనది. ఇంటి కూలిడబ్బు గ్లాసులో పోసి భార్యను కొట్టువానిని వారు నిలదీసినారు. అది న్యాయము. అయితే ఆ న్యాయమైన కోపముతోనే ప్రతి త్రాగుబోతును ఒకే గాటను కట్టినచో, పరుల నెత్తురులో తడిసి నిద్ర కోల్పోయి సీసా పట్టుకొన్నవాడు కూడ దోషుల వరుసలోనే నిలబడుతాడు. వానికి కూడ భార్య ఉన్నది. ఆమె కూడ బాధపడుచున్నది. ఆమెకు కావలసినది భర్త ఉద్యోగము ఊడుట కాదు, భర్త తిరిగివచ్చుట.

ఈ వాదమునకు ఎదురుగా ఒక బలమైన ప్రశ్న వేయవచ్చును. "త్రాగినవాని చేతికి అంబులెన్సు స్టీరింగు ఇమ్మంటారా? మీ తండ్రియే ఆ బండిలో ఉన్నచో ఒప్పుకొంటారా?" ఒప్పుకొనము. రక్తములో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములకు మించి మద్యమున్నచో ఏ డ్రైవరైనను శిక్షార్హుడని మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. ఆ చట్టము అంబులెన్సుకు సడలవలెనని ఎవరును అనరు. ఆనాడే, ఆ గంటలోనే అతనిని బండి దించవలెను. అయితే బండి దించుట వేరు, బ్రతుకు నుండి దించుట వేరు. చేయి విరిగిన పైలట్‌ను కూడ బండి దించుతాము. కట్టు కట్టించి, మానిన తరువాత మరల ఎక్కించుతాము. విరిగినది మనస్సయినప్పుడు మాత్రము కట్టు లేదు, గేటు ఒక్కటే ఉన్నది. పైగా శిక్షాభయము వలన ఎవరును మానుకొనరు, దాచుకొంటారు. దాచుకొన్నవాడు రేపు కూడ బండి నడుపుతాడు. కనుక రోగి క్షేమము కోరువారే భయము లేని చికిత్సను ముందుగా కోరవలెను. తానుగా వచ్చి చెప్పుకొన్నవానికి ఉద్యోగరక్షణ ఉన్నచో, వాసన పట్టు అధికారి కంటె ముందే విషయము బయటపడుతుంది.

అట్టి చికిత్సాక్రమము ఎట్లుండవలెను? ప్రపంచము ఇప్పటికే కొన్ని పాఠములు నేర్చుకొన్నది. వాటిలో కొన్ని పొరపాట్ల ద్వారా నేర్చుకొన్నవి.

1983 లో అమెరికాలో జెఫ్రీ మిచెల్ అను నిపుణుడు, ఘోర సంఘటన జరిగిన కొలది దినములలోనే సిబ్బందిని ఒకచోట కూర్చుండబెట్టి జరిగినదంతయు చెప్పించు పద్ధతిని ప్రచారములోనికి తెచ్చినాడు. అది అనేక దేశములకు ప్రాకినది. కాని తరువాతి పరిశోధనలలో, ఒక్క కూర్చునుటతో అందరి చేత బలవంతముగా మాట్లాడించుట వ్యాధిని నివారించదనియు, కొందరికి కీడు కూడ చేయవచ్చుననియు తేలినది. అందువలన ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011 లో వెలువరించిన మార్గదర్శిలో మానసిక ప్రథమ చికిత్సకు ప్రాధాన్యమిచ్చినది. నిప్పు నుండి వచ్చినవానికి మొదట నీరు, విశ్రాంతి, భద్రత, ఇంటివారితో మాట, తాను చెప్పదలచినచో వినుటకు ఒక మనిషి కావలెను. బలవంతపు ఒప్పుకోలు అక్కరలేదు. ఈ పాఠము మనకు ఎంతో ముఖ్యము. ఏలయనగా సంవత్సరమునకు ఒకసారి హాలులో ఒక ఉపన్యాసము పెట్టించి, ఫొటో తీసి, పని అయిపోయినదనుకొను అలవాటు మనకున్నది.

రెండవ పాఠము, గాయమునకు, మత్తుకు ఒకేచోట చికిత్స జరుగవలెనని. "మొదట త్రాగుడు మాను, తరువాత నీ పీడకలల సంగతి చూతము" అనునది పాత పద్ధతి. మత్తు తీసివేసిన రాత్రియే పీడకల రెండింతలై వస్తుంది. తోడు లేనివాడు మరల సీసా వద్దకే పోతాడు. అమెరికా అగ్నిమాపక సిబ్బంది సంఘము 2017 లో మేరీలాండ్ రాష్ట్రములో తమవారి కొరకే ఒక చికిత్సాకేంద్రము తెరిపించి, మత్తును, మనోగాయమును కలిపి చూచు ఏర్పాటు చేయించినది. 2001 సెప్టెంబరు 11 న న్యూయార్కులో 343 మంది అగ్నిమాపక సిబ్బందిని కోల్పోయిన శాఖ కూడ, బ్రతికిన వారికొరకు తన సలహాకేంద్రమును ఎన్నో రెట్లు పెంచుకొనవలసి వచ్చినది. వీరులని మనము చిన్నప్పటి నుండి చిత్రములలో చూచినవారికే ఇది అవసరమైనప్పుడు, మనవారికి అవసరము లేదనుట ఎట్లు?

మూడవ పాఠము, తోటివాని తోడు. 1935 లో అమెరికాలోని ఏక్రన్ పట్టణములో త్రాగుడుతో చితికిన ఒక షేర్ల వ్యాపారియు, ఒక శస్త్రవైద్యుడును ఒకరినొకరు పట్టుకొని లేచినప్పుడు ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినది. అచ్చట పేరు అడుగరు, రుసుము అడుగరు. అట్టి సమావేశములు మన జంటనగరములలో కూడ జరుగుచున్నవి. మన ఉర్దూ మిత్రులు హమ్‌దర్దీ అను మాట వాడుతారు. హమ్ అనగా కలిసి, దర్ద్ అనగా బాధ. తెలుగులో మనము సహానుభూతి అంటాము. రెండు భాషలును ఒకే సంగతి చెప్పుచున్నవి: పైనుండి జాలిపడుట కాదు, పక్కన కూర్చుని కలిసి అనుభవించుట. అంబులెన్సు మనిషి మాట అంబులెన్సు మనిషికే త్వరగా అర్థమవుతుంది. అట్లని తోటివాడు వైద్యునికి ప్రత్యామ్నాయము కాదు. వైద్యుని గడప వరకు చేయి పట్టుకొని తీసికొనిపోవువాడు.

నాలుగవ పాఠము, కుటుంబము. భర్త వ్యసనమునకు బలియైన పిమ్మట శాంతి రంగనాథన్ గారు 1980 లో చెన్నైలో స్థాపించిన టి.టి. రంగనాథన్ సంస్థ రోగితో పాటు ఇంటివారిని కూడ చికిత్సలో కూర్చుండబెట్టినది. మా విద్యార్థి ఇంటిలో ఆ పాపకు, ఆ తల్లికి ఒక్కసారి ఎవరైన విషయము విప్పి చెప్పియున్నచో ఎన్ని రాత్రులు తేలికపడియుండెడివో!

చట్టము మన పక్షమున లేదనుటకు వీలులేదు. 2018 మే నుండి అమలులోనికి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, మద్యము, మాదకద్రవ్యముల వలన కలుగు మానసిక స్థితులను కూడ వ్యాధులుగానే పరిగణించినది. చికిత్స పొందుట హక్కు అన్నది. రోగి వివరములు గోప్యముగా ఉండవలెనన్నది. శరీరవ్యాధులతో సమానముగా మానసిక వ్యాధులకు కూడ బీమా సంస్థలు ఏర్పాటు చేయవలెనన్నది. 2022 అక్టోబరు 10 న ప్రారంభమైన టెలి మానస్ సేవలో 14416 నంబరుకు ఏ వేళనైనను రుసుము లేకుండ ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చును. మత్తు మానదలచినవారికి 14446 నంబరు కలదు. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయమున్నది. ఉన్నవి లేవనుట కృతఘ్నత.

అయితే చట్టము పుస్తకములో ఉన్నది, మనిషి డ్యూటీలో ఉన్నాడు. పన్నెండు గంటల పని ముగించి ఇల్లు చేరువాడు క్యూలో నిలబడునది ఎప్పుడు? సెలవు పెట్టినచో జీతము పోవు కాంట్రాక్టు మనిషికి హక్కు ఏ పూట అన్నము పెడుతుంది? పైగా మన నగరములో "వీనిని ఎర్రగడ్డకు పంపవలె" అనునది హాస్యము. మన కళాశాల క్యాంటీనులోనే దినమునకు పదిసార్లు వినబడు హాస్యము. ఆ హాస్యమునకు నవ్వినవాడే రేపు ఉద్యోగములో గాయపడినప్పుడు ఆ గేటు దాటుటకు సిగ్గుపడుతాడు. కావున సంస్కరణ కార్యాలయములో మాత్రమే కాదు, మన క్యాంటీనులో కూడ మొదలు కావలెను.

ఖర్చు మాట కూడ రాకమానదు. ఒక ఈ.ఎం.టీ. తయారగుటకు నెలల శిక్షణ, సంవత్సరముల అనుభవము పట్టును. అతనిని గేటు బయటకు పంపి కొత్తవానిని తెచ్చుట చౌక అనిపించవచ్చును. కాని రాత్రి రెండు గంటలకు వర్షములో బోల్తాపడిన లారీ నుండి మనిషిని బయటకు తీయు నేర్పు కొత్తవానికి ఒక్క దినములో రాదు. అనుభవజ్ఞుని బాగుచేసికొనుట దయ మాత్రమే కాదు, పొదుపు కూడ.

ఇక మన కళాశాల సంగతి. మన విద్యార్థులలో అనేకులు చిన్న కుటుంబముల నుండి వచ్చినవారు. డిగ్రీ ముగియగానే వారికి త్వరగా తెరుచుకొను తలుపులలో అంబులెన్సు, అగ్నిమాపక శాఖ, పోలీసు కానిస్టేబులు, ఆసుపత్రి అత్యవసర విభాగము ముఖ్యమైనవి. మనము వారికి దరఖాస్తు నింపుట నేర్పుతాము, పరుగుపందెమునకు సిద్ధము చేస్తాము. ఆ ఉద్యోగము లోపల ఏమి చేయునో ఒక్క మాట చెప్పము. అందుచేత కళాశాల కమిటీ పెద్దల ముందు నాలుగు మనవులు ఉంచుచున్నాము.

మొదటిది, ఉద్యోగ మార్గదర్శన తరగతులలో మనోగాయము, మత్తు అను విషయములపై ఒక పాఠము చేర్చవలెను. దానిని వైద్యుడు ఒకరు, ఆ వృత్తిలో పనిచేసినవారు ఒకరు కలిసి చెప్పవలెను. రెండవది, మన ఉర్దూ శాఖయు, తెలుగు శాఖయు కలిసి నాలుగు పుటల కరపత్రము రెండు భాషలలో తయారుచేసి మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలోని అంబులెన్సు నిలుపు స్థలములకు, అగ్నిమాపక కేంద్రమునకు, ఠాణాలకు అందజేయవలెను. లక్షణములు, హఠాత్తుగా మానిపించుటలోని ప్రమాదము, ఫోను నంబర్లు అందులో ఉండిన చాలును. మూడవది, నెలకొక సాయంకాలము మన కళాశాలలో ఒక గది వారికి ఇవ్వవలెను. ఆ గదిలో హాజరుపట్టీ ఉండరాదు, ఫొటో తీయరాదు, ఉపన్యాసము ఉండరాదు. కుర్చీలు, టీ ఉండవలెను. అవసరమైనవారిని డాక్టరు వద్దకు పంపు ఏర్పాటు ఉండవలెను. నాలుగవది, కాంట్రాక్టు సిబ్బందితో సహా అందరికి గోప్యమైన చికిత్స, జీతముతో కూడిన చికిత్సాసెలవు, కోలుకొన్న తరువాత తిరిగి ఉద్యోగము ఇవ్వవలెనని కోరుచు జిల్లా అధికారులకు కళాశాల పక్షమున ఒక విజ్ఞాపన పంపవలెను. వీటిలో మూడింటికి ఖర్చు దాదాపు లేదు. నాలుగవదానికి కావలసినది సంతకములు, పట్టుదల.

పాఠకులు మా విద్యార్థి ఏమైనాడని అడుగవచ్చును. అతని బావమరిది పట్టుపట్టి ఆసుపత్రిలో చేర్పించినాడు. రెండు వారములు ఉన్నాడు. ఒకసారి జారి మరల పోయినాడు, మరల లేచినాడు. ఇప్పుడు ఒక మందుల దుకాణములో పనిచేయుచున్నాడు. పాప బడి సంచి మరల కొక్కెమునకు వచ్చినదట. కాని అంబులెన్సు కూత వినబడినప్పుడు ఇప్పటికిని చేతిలోని పని ఆపి నిలబడిపోతానని చెప్పినాడు. "పోవాలని ఉంటుంది సార్. ఆ పని నాకు వచ్చును" అన్నాడు. ఆ పని వచ్చినవానిని ఆ పనికి దూరము చేసికొన్న నష్టము అతనిదొక్కనిదే కాదు.

విద్యార్థి మిత్రులారా! రేపు మేడ్చల్ రహదారి మీద ఆ కూత వినబడినప్పుడు రోగి కొరకు ప్రార్థించండి. బండి మిమ్ములను దాటిపోయిన తరువాత ఇంకొక్క క్షణము ఆగి, అతని పక్కన కూర్చున్న మనిషిని కూడ తలచుకొనండి. ఎప్పుడైన ఎదురుపడినచో "భాయ్, మీరు బాగున్నారా?" అని అడగండి. జవాబు వెంటనే రాకపోవచ్చును. అయినను అడగండి.